పేరు చెప్పిన మిషన్

దేవమ్మ గుడిసె తలుపు తీసే ఉంది. పొయ్యి చల్లారిపోయింది. దండెం మీద చీర లేదు. గూట్లో బైబిలు లేదు.

చావడానికి పోయిన మనిషి మారుచీర తీసుకుపోదు అనుకున్నాడు ఎస్.ఐ. యేసుదాసు. గుండె కాస్త కుదుటపడింది.

ఆళ్లగడ్డ. 1985, మే నెల. పూజారిగారి భార్య రుక్మిణమ్మ కాసులపేరు పోయింది. ఆ ఇంట్లో అంట్లు తోమే దేవమ్మే దొంగని ఊరు తేల్చేసింది. అంగట్లో ఉప్పు కూడా ఇవ్వలేదు. ఎదురొచ్చినవాళ్లు మొహం తిప్పుకున్నారు. మొగుడూ పిల్లలూ లేని మనిషి. ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయింది. చెప్పడానికి ఎవరున్నారు?

"దేవమ్మే అని ఎలా తెలుసమ్మా?" రుక్మిణమ్మ ఇంటికి వెళ్లి అడిగాడు యేసుదాసు.

"కంప్యూటర్ బొమ్మ చెప్పింది సార్," అంది రుక్మిణమ్మ. "ఎగ్జిబిషన్లో ఉండాది."

"మీరు విన్నారా?"

"మా తమ్ముడు పార్థసారథి విని చెప్పినాడు."

తమ్ముడు పక్కనే ఉన్నాడు. "పేరు పెట్టి చెప్పింది సార్. మిషన్ అబద్ధమాడతాదా?"

యేసుదాసు ఎగ్జిబిషన్‌కు వెళ్లాడు. జాతకం చెప్పే రేకుల బొమ్మ. కళ్లల్లో ఎర్ర బల్బులు. రూపాయి ఇచ్చి హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాడు. విన్నాడు. ఇంకో రూపాయి ఇచ్చి మళ్లీ విన్నాడు.

మర్నాడు పొద్దున అక్కాతమ్ముళ్లను అక్కడికే రప్పించాడు. జనం మూగారు.

"వెనక రేకు విప్పప్పా," అన్నాడు బొమ్మ యజమాని ఓబయ్యతో.

లోపల టేప్‌రికార్డర్. అంతే. దాన్ని మైక్‌సెట్‌కు కలిపించాడు. గొంతు మైదానమంతా వినిపించింది.

"మీ మనసు మంచిది. మీ ఇంటికి వచ్చిపోయే మనిషే మిమ్మల్ని మోసం చేస్తోంది. త్వరలో శుభం."

కాస్త ఆగి, అవే మాటలు మళ్లీ మొదలయ్యాయి.

"అందరికీ ఇదేనా?"

"ఇదే సార్."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"ఎవురూ అడగల్యా సార్."

యేసుదాసు వెనక్కి తిరిగాడు. "ఇందులో ఎవరి పేరూ లేదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే వినేది ఒక్కరే. ఊరు నమ్మింది మిషన్‌ని కాదు, విన్నానన్న మనిషిని. దేవమ్మ పేరు ఎక్కడ విన్నావు, పార్థసారథీ?"

అతను వెనక్కి జరగబోతే యేసుదాసు చెయ్యి పట్టుకున్నాడు.

"కాసులపేరు ఎక్కడ?"

"నంద్యాలలో... కుదవబెట్టినా సార్."



దేవమ్మ బనగానపల్లెలో దిగిందని బస్సు కండక్టర్ చెప్పాడు. యేసుదాసు అక్కడి మామిడితోటలన్నీ తిరిగాడు. ఒకచోట చెట్టు కింద ఒంటరిగా మామిడికాయలు ఏరుతూ కనిపించింది. జరిగిందంతా చెప్పాడు.

ఆమె చేతులు ఆగాయి. "మిషన్‌కు నేను తెల్దులే సార్. రుక్మిణమ్మకు తెలుసు గదా. ఒక్క మాట నన్నే అడిగింటే?"

యేసుదాసు ఒక కాయ ఏరి ఆమెకు అందించాడు.

"ఊరికి వస్తావా దేవమ్మా?"

"వద్దు సార్. ఈడ నా పేరు ఎవురికీ తెల్దు. అదే నిమ్మళంగా ఉండాది."

ఆమె మళ్లీ కాయల మీదికి వంగింది. వెళ్లేటప్పుడు యేసుదాసు ఆమెను పేరు పెట్టి పిలవలేదు.