ముప్పై ఎనిమిది గ్రాహకాలు

మురుగు నాలా గట్టున ఇడ్లీ బండి చుట్టూ జనం నిలబడి తింటున్నారు. పక్కనే చెత్త లారీ ఆగి ఉంది. ఎవరూ ముక్కు మూసుకోలేదు. ముక్కులో అమర్చే గంధజల్లెడ వచ్చి తొమ్మిదేళ్లయింది. మురుగు కంపు ఎలా ఉండేదో నగరం మరిచిపోయింది.

ఎదురుగా ఉన్న ఇంటి మూడో అంతస్తులో హిమజ ఇరవై రోజుల పాపను మంచం మీద వదిలి, గోడకు ఆనుకుని నిలబడింది.

"పాలకు ఏడుస్తోంది, ఎత్తుకో" అన్నాడు భర్త ప్రభంజన్.

"ఈ పిల్ల మనది కాదు. ఆసుపత్రిలో మారిపోయింది."

"జన్యు పరీక్ష రెండుసార్లు చేయించాం కదా."

"కాగితం మనదే అంటోంది. నా ఒళ్లు ఒప్పుకోవడం లేదు. పొద్దున పాపను పట్టుకుని కిటికీ దగ్గర నిలబడి ఉన్నాను. అక్కడికి ఎందుకెళ్లానో తెలియదు. నాకు భయంగా ఉంది."

అతను కిటికీ మూసి గడియ పెట్టాడు. పాపను తనే ఎత్తుకుని, ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్లాడు.

అక్కడి వాళ్లు జల్లెడ చూపించుకోమని ముక్కు వైద్యురాలు నఫీసా దగ్గరికి పంపారు. ఆమె అంతా విని, హిమజ ముక్కులోకి లైటు వేసి చూసింది.

"మన ముక్కులో వాసన పట్టే గ్రాహకాలు దాదాపు నాలుగు వందల రకాలుంటాయి" అంది. "ఒక్కో వాసన వాటిలో కొన్నింటిని కలిపి తడుతుంది. ఏవేవి మేల్కొన్నాయో చూసి మెదడు పోల్చుకుంటుంది. మురుగు కంపు ఆపడానికి జల్లెడ ముప్పై ఎనిమిదింటిని నొక్కి ఉంచింది. పసిబిడ్డ తల మాడు నుంచి వచ్చే వాసనకు కావలసినవీ అందులో ఉన్నట్టున్నాయి."

"అంటే నాకు పాప వాసన రావడం లేదా?"

"సగమే వస్తోంది. అందుకే పరాయి బిడ్డ అనిపిస్తోంది."

"తీసేయండి."

తీయగానే ఫినాయిలు, చెమట, దూరంగా నాలా, అన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి. హిమజ రెండుసార్లు వాంతి చేసుకుంది. మూతి తుడుచుకుని, ప్రభంజన్ చేతుల్లోని పాప మాడు మీద ముక్కు ఆనించింది. అలాగే ఉండిపోయింది. పాలు చేపుకొచ్చి జాకెట్టు తడిసింది.

పాప కడుపు నిండాక అడిగింది: "నాలాంటి వాళ్లు ఎంతమంది వచ్చారు?"

"నోరు తెరిచి చెప్పింది మీరే మొదట" అంది నఫీసా. 

బయట వరండాలో టీకాల వరుస. తల్లులు బిడ్డల్ని ఒడిలో కాక మోకాళ్ల మీద పెట్టుకుని, ఎటో చూస్తూ కూర్చున్నారు. హిమజ ఒకామె పక్కన కూర్చుంది.

"ఈ బాబు మీవాడే అనిపిస్తోందా అండీ?"

ఆమె ముఖం పాలిపోయింది. అటూ ఇటూ చూసింది.

"మెల్లగా" అంది. "మా అత్తగారు వింటారు."