వెనక స్పీకర్ల తొడుగులు

సెలవు రోజని కూడా చూడకుండా పొద్దున్నే వరండాలో డ్రిల్లు మోత మొదలైంది. కిటికీ పక్కన కుట్టుమిషను ముందు కూర్చున్న టేపమ్మకి ఆ మోత నేరుగా పళ్లలోకి దిగింది. మెడలో కొలతల టేపు లేకుండా ఆవిడని చూసినవాళ్లు ఎవరూ లేరు కాబట్టి వీధి వీధంతా ఆవిడని అలాగే పిలుస్తుంది. ముప్పయ్యేళ్లుగా కోట్లూ, స్కూలు పిల్లల యూనిఫారాలూ కుడుతోంది. ఆ చుట్టుపక్కల ఎవరి భుజం ఎంత వెడల్పో, ఎవరి పొట్ట ఏ ఏడాది ఎంత పెరిగిందో ఆవిడని అడిగితే చెబుతుంది. కొడుకు మనసులో తన చోటు ఎన్ని అంగుళాలు తగ్గిందో కూడా తనకి తెలుసునని ఈమధ్య ఆవిడ నమ్మకం.

ఆ కొడుకు వరండాలో తన పెద్ద మోటారుసైకిలు సీటు ఊడదీసి పెట్టుకున్నాడు. లిఫ్టులు బాగుచేసే పని వాడిది. ఇనుమన్నా వైర్లన్నా వాడికి భయం లేదు. సీటు కింద కొత్త ఆంప్లిఫయరు పెట్టాడు. పాత బుల్లి స్పీకర్లు పీకేసి ముందు రెండు పెద్దవి బిగించాడు. ఇప్పుడు వెనక సామాను పెట్టెకి అటూ ఇటూ కమ్మీలు నిలబెట్టి, వాటికి ఇంకో రెండు బిగిస్తున్నాడు. కోడలు పక్కన టార్చి పట్టుకుని నిలబడింది.

"కిందకి. ఇంకొంచెం కిందకి. ఆఁ, అక్కడ!" అంది కోడలు.

"ఖాయమేనా?"

"నేను కొలిచాను కదండీ. కొలతల విషయంలో నన్ను శంకించకండి."

ఇద్దరూ నవ్వుకున్నారు. కళ్లద్దాల దుకాణంలో నాలుగు ఫ్రేములు బిగించినంత మాత్రాన ఇదీ కొలతలు తెలిసిన మనిషేనా అని టేపమ్మ పళ్లు నూరింది.

వెనక స్పీకర్లట! వెనక కూర్చునేది ఎవరు? మహారాణిగారు. మహారాణిగారు దుకాణానికి వెళ్లే పావుగంట దారిలో చెవులు బోసిపోకుండా పాటలు వినాలన్నమాట.

ఆ వెనక సీటు ఒకప్పుడు టేపమ్మది. సెలవు వచ్చిందంటే లైనింగు గుడ్డ, బొత్తాలు కొనడానికి కొడుకు వెనక కూర్చుని బట్టల మార్కెట్టుకి వెళ్లేది. మూట ఒళ్లో పెట్టుకుని, వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ వాడి చెవిలో లోకంలోని కబుర్లన్నీ పోసేది. పెళ్లయి ఏడు నెలలైంది. పెళ్లయిన కొత్తలో ఒకరోజు కొడుకు "పద అమ్మా, మార్కెట్టుకి" అంటే ఆవిడ బయటికి వచ్చింది. సీటు మీద కోడలి హెల్మెట్టు కనిపించింది. అంతే, ఒళ్లు మండిపోయింది.

"ఆ బండి మీద గాలి హోరు తప్ప ఏమీ వినపడదురా. తల దిమ్మెక్కిపోతుంది. నాకు బస్సే సుఖం" అనేసింది.

బతిమాలతాడని చూసింది. వాడు తల గోక్కుని "సరేనమ్మా" అన్నాడు. ఆ రోజు నించీ మూట మోసుకుంటూ బస్సెక్కుతోంది. ఎక్కిన ప్రతిసారీ కోడలి మీద కోపం ఇంకో మెట్టు ఎక్కేది.

డ్రిల్లు ఆగింది. కొడుకు చేతులు తుడుచుకుంటూ లోపలికి వచ్చాడు.

"అమ్మా, స్పీకర్లకి దుమ్ము పట్టకుండా నాలుగు తొడుగులు కుట్టి పెట్టవూ? పల్చటి జాలీగుడ్డ చాలు. మందమైతే శబ్దం బయటికి రాదు."

"కుడతాలే. నా బతుకే కుట్టడం" అంది టేపమ్మ, తల ఎత్తకుండా.

ముందు స్పీకర్లకి రెండు తొడుగులు ముచ్చటగా కుట్టింది. అవి కొడుకువి. వెనక వాటి దగ్గరికి వచ్చేసరికి మిషను ఆపింది. కోట్ల భుజాలు నిలబడ్డానికి లోపల పెట్టే స్పాంజి ప్యాడ్లు డబ్బాలో కనిపించాయి. ఎదురుగా వరండాలో కోడలు మొగుడి నుదుటి మీద గ్రీజు మరక తుడుస్తోంది. టేపమ్మ రెండు ప్యాడ్లు తీసింది. జాలీగుడ్డ వెనక ప్యాడు, దాని వెనక మందపాటి కోటు కాన్వాసు వేసి, ఎవరూ కనిపెట్టలేనంత సన్నగా కుట్టేసింది. పాటలు విను మహారాణీ, బాగా విను!

తొడుగులు తగిలించి కొడుకు పాట పెట్టాడు. ముందు గణగణమంది. వెనక మాత్రం ఎవరో దుప్పటి కప్పుకుని మూలిగినట్టుంది. వాడు వైర్లు విప్పాడు, మళ్లీ కలిపాడు. ఆంప్లిఫయరు బయటికి తీశాడు, మళ్లీ పెట్టాడు. మధ్యాహ్నానికి వరండా నిండా మరలూ వైర్లూ పరుచుకున్నాయి. భోజనానికి పిలిస్తే రాలేదు. వాడి మొహం చూస్తే టేపమ్మకి కూడా ముద్ద దిగలేదు. ఆవిడ కడుపుమంట కోడలి మీద, వాడి మీద కాదు.

చివరికి కొడుకు ఫోను తీసి ఆంప్లిఫయరు అమ్మిన దుకాణదారుణ్ణి పట్టుకున్నాడు. "కొత్తదని చెప్పి పాడైన ఆంప్లిఫయరు అంటగడతారా? మీరసలు మనుషులేనా?" అని కేకలేస్తున్నాడు. ఎప్పుడూ గట్టిగా మాట్లాడని వాడు.

టేపమ్మ చేతిలో గుడ్డ పక్కన పెట్టి లేవబోయింది. అప్పుడే కోడలు గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. గుప్పిట తెరిచింది. అందులో భుజాల ప్యాడ్లు ఉన్నాయి.

"ఇవి స్పీకర్లకి మొలవవు కదా అత్తయ్యా?"

దొరికిపోయిన మనిషికి కోపమే దిక్కు. "అవును, నేనే పెట్టాను! ఏం చేస్తావు? వెళ్లి చెప్పు నీ మొగుడికి. ఆ సీటు నాది. వాడికి మీసాలు రాకముందు నించీ నాది. నువ్వొచ్చి హెల్మెట్టు పెట్టేసరికి నేను బస్సు పాలయ్యాను. ఇప్పుడు పైన పాటలు కూడానా?"

కోడలు కళ్లు పెద్దవి చేసి చూసింది. తర్వాత నవ్వాలో ఏడవాలో తెలియని మొహం పెట్టింది.

"ఆ స్పీకర్లు ఎవరికనుకుంటున్నారు?"

"ఇంకెవరికి, నీకు!"

"నేను కూర్చుంటే అవి నా చెవుల దాకా రావు. నా భుజాలు వింటాయి పాటలు. సీటు నించి ఎంత ఎత్తులో బిగించాడో తెలుసా? ఇరవై ఏడు అంగుళాలు."

పోయిన వారం తను మిషను ముందు కూర్చుని ఉంటే, వీపు మీద దారప్పోగు ఉందంటూ కోడలు వెనక ఏదో తడిమింది. స్టూలు మీంచి చెవి దాకా టేపు జారిన గరగర ఇప్పుడు గుర్తొచ్చింది. ఊరందరి కొలతలూ తెలిసిన ఆవిడ తన కొలత ఒకరు తీస్తుంటే గుర్తుపట్టలేకపోయింది.

"బండి మీద గాలి హోరు తప్ప ఏమీ వినపడదని మీరే అన్నారట. అది పట్టుకుని ఏడు నెలలు కుమిలిపోయాడు మీ అబ్బాయి. అమ్మ బస్సులో మూట మోస్తోందని నాకు రోజూ ఒకటే పాట. నాకు ఒళ్లు మండేది. ఆ కమ్మీలు బిగిస్తుంటే టార్చి పట్టుకున్నానా, ఒక వైరు పీకేద్దామా అని కూడా అనుకున్నాను. అందుకే మీ తొడుగు తడమగానే నాకు తెలిసిపోయింది." కోడలు చేతిలోని ప్యాడ్లని నలిపింది. "నన్నెవరూ కొలవలేదు అత్తయ్యా, ఈ ఇంట్లో."

ఆ మాట టేపమ్మకి ఎక్కడో తగిలింది. నిజమే. ఊరందరికీ కుట్టింది, ఈ పిల్లకి ఒక్క గుడ్డ కుట్టలేదు. కళ్లనీళ్లు ముంచుకొచ్చాయి. కోడలి చేతిలోంచి ప్యాడ్లు తీసుకుని తిన్నగా వరండాలోకి నడిచింది.

"ఒరేయ్, ఆ ఫోను పెట్టేయ్. ఆయనకి క్షమించమని చెప్పి పెట్టేయ్. ఇవి నేనే కుట్టాను ఆ తొడుగుల లోపల."

కొడుకు ప్యాడ్ల వైపు చూశాడు, తల్లి వైపు చూశాడు. ఫోనులో తడబడుతూ క్షమాపణ చెప్పి పెట్టేశాడు.

"ఎందుకమ్మా?"

"కుళ్లురా. ఇంకేముంటుంది? నీ బండి మీద ఏమీ వినపడదన్నది కూడా అబద్ధమే. నువ్వు బతిమాలతావనుకున్నాను."

"ఆ మాట అప్పుడే చెప్పొచ్చుగా! ఏడు నెలలు ఆంప్లిఫయర్ల గురించి చదివాను" అన్నాడు వాడు. అని నవ్వబోయి, మణికట్టుతో మొహం తుడుచుకున్నాడు. గ్రీజు ఇంకా పులుముకుంది.

టేపమ్మ కొంగుతో తుడవబోయి ఆగింది. కోడలి వైపు తిరిగి, "నువ్వు తుడువమ్మాయ్. తుడిచి, వచ్చి ఈ స్టూలు మీద కూర్చో" అంది.

మెడలోంచి టేపు తీసి, స్టూలు నించి కోడలి చెవి దాకా పట్టింది. ముప్పై అంగుళాలు. పనిలో పనిగా భుజాలూ చేతుల పొడుగూ కూడా కొలిచి, యూనిఫారాల పుస్తకంలో కొత్త పేజీ తిప్పి రాసుకుంది.

"ఒరేయ్, వాటిని ఇరవై ఎనిమిదిన్నర దగ్గర బిగించు."

"అలా అయితే ఇద్దరికీ సరిగ్గా వినపడదమ్మా."

"ఇద్దరికీ కాస్త కాస్త వినపడుతుంది. చాల్లే."

సాయంత్రం ఎండ తగ్గాక తల్లీకొడుకులు మార్కెట్టుకి బయల్దేరారు. కోడలే తన హెల్మెట్టు తెచ్చి అత్తగారి తల మీద పెట్టి, గడ్డం కింద పట్టీ బిగించింది. కొడుకు బండి స్టార్టు చేసి పాట పెట్టాడు. కొత్త తొడుగుల్లోంచి శబ్దం తేటగా, నిండుగా వచ్చింది. వీధి మలుపు తిరిగేదాకా టేపమ్మ బుద్ధిగా విన్నది. తర్వాత కొడుకు భుజం తట్టింది.

"ఒరేయ్, ఆ పాట కట్టెయ్. ఏడు నెలల కబుర్లున్నాయి."