ఎర్ర గడుల ఫైలు

శుక్రవారం పొద్దున పదింటికి పత్తికొండ టమాటా మార్కెట్లో నఫీసాను కాల్చి చంపారు. సైలెన్సర్ తుపాకీ. వేలంపాట గోలలో ఎవరికీ వినపడలేదు.

పదకొండింటికి కడపలో ఏజెంట్ ఉమామహేశ్వర ఫోన్ మోగింది.

"కె-సెవెన్. నఫీసా ఫినిష్." డైరెక్టర్ గొంతు. "డబుల్ ఏజెంట్‌ను సొంత ముఠావాళ్లే తీసేశారు. మాధవరంలో ఆమె కవర్ అడ్రస్ క్లియర్ చేయండి. సాయంత్రానికి ఫైలు క్లోజ్."

"బాడీ, సర్?"

"ద్రోహి శవాన్ని డిపార్ట్‌మెంట్ తీసుకోదు. తల్లికి కబురు కూడా వద్దు."

ఉమ ఫోన్ పెట్టేసి లాప్‌టాప్ సర్దుకున్నాడు. ఎదురు చెప్పడానికి ముఖం చెల్లాలి కదా! నఫీసాను ద్రోహిగా తేల్చిన రిమార్క్ రాసిందే ఇతను.

ఆరునెలలుగా నఫీసా చీరల వ్యాపారిగా ఒక విదేశీ ముఠాలో దూరి ఉంది. నల్లద్దాలు, పట్టుచీరలు, ముఠా నాయకుడి కార్లో షికార్లు. ఆఫీసులో అందరికీ కళ్లు కుట్టాయి, ఆ తర్వాత అనుమానం పుట్టింది. బుధవారం ఆమె నుంచి ఒక్క పేజీ పీడీఎఫ్ వచ్చింది. తెరిస్తే గులాబీ రంగు మరక. జూమ్ చేస్తే మరక ఇంకా పెద్దదయింది, అంతే. హెడ్డాఫీసు నిపుణులు కూడా అదే వ్యూయర్‌లో, అవే సెట్టింగులతో చూసి పెదవి విరిచారు. ఉమ రాసేశాడు: 'చదవడానికి వీల్లేదు. కావాలనే చెడగొట్టి పంపినట్టుంది.' ఆ సాయంత్రమే ఆమెకు రక్షణగా ఉన్న ఇద్దరినీ వెనక్కి పిలిచేశారు.

ఒంటిమిట్ట దాటి మాధవరం చేరేసరికి ఒంటిగంటన్నర. చీరల కమీషన్ ఏజెంటు వేషం, చొక్కా గుండీలో కెమెరా. తలుపు తీసిన శివలీలకు నలభై ఏళ్లుంటాయి. మగ్గాలకు డిజైన్లు గీసే మనిషి, నఫీసాకు ఇల్లిచ్చిన మనిషి.

"అంచుకు ఎన్ని గడులు?" కోడ్ అడిగాడు.

"అరవై నాలుగు." జవాబు సరిపోయింది. "ఆ పిల్ల యాడప్పా? రెండు దినాలాయ, ఫోన్ లేదు."

ఉమ చెప్పాడు. ఆమె గడపలోనే కూలబడింది. కొంగుతో ముఖం తుడుచుకుని, "ఎందుకు చంపినారు?" అంది.

అతను లాప్‌టాప్ తెరిచి మరక చూపించాడు. "ఇది పంపి మమ్మల్ని మోసం చేసింది."

శివలీల తెరకేసి చూసింది. తర్వాత ఇతనికేసి చూసింది. ఆ చూపు మంచిది కాదు.

"మోసమేందప్పా? ఇది అంచు గ్రాఫు. నీ స్క్రీనే సరిగ్గా చూపిచ్చడంల్యా. ఇట్టియ్యి."

ప్రిఫరెన్సెస్‌లోకి పోయి, పేజ్ డిస్‌ప్లేలో 'స్మూత్ ఇమేజెస్' టిక్ తీసేసింది. రిజల్యూషన్‌ను ఆ లాప్‌టాప్ తెరకు తగ్గట్టు మార్చింది. 'ఫిట్ పేజ్'లో కుదించుకుపోయిన పేజీని వంద శాతానికి తెచ్చింది.

"ఫోటోలకైతే నునుపు బాగుంటాది. మా గ్రాఫుకు పనికిరాదు. గడికొక పోగు. రెండు గడులు కలిసిపోతే మగ్గం మీద పోగు తప్పుతాది."

మరక విడిపోయింది. తెల్ల గడుల మధ్య ఎర్ర గడులు, దేనికది విడివిడిగా, వరస మీద వరస.

ఉమ సంచిలోంచి డిపార్ట్‌మెంట్ కోడ్‌బుక్ తీశాడు. వరసకు ఎన్ని ఎర్ర గడులుంటే కోడ్‌బుక్‌లో అన్నో అక్షరం. పైనుంచి లెక్కపెట్టాడు. ఒక్క మాటా కుదరలేదు. మళ్లీ లెక్కపెట్టాడు. అంతా అర్థం లేని అక్షరాలే. అయితే నఫీసా నిజంగానే ద్రోహేనా?

"యాడ్నుంచి చదువుతాండావు?" శివలీల కసిరింది. "గుడ్డ కిందనుంచి కదప్పా పెరిగేది!"

ఉమ తలొంచుకున్నాడు. పుట్టింది ఎమ్మిగనూరులో, మగ్గం ఇంట్లో. నాయన పక్కన కూర్చుని గ్రాఫు కిందనుంచి పైకి చదివి వినిపించినవాడే. ఉద్యోగం వచ్చాక అదంతా మరిచిపోయాడు పెద్దమనిషి.

కిందనుంచి మొదలుపెట్టాడు. 'శుక్రవారం. మూడు గంటలు. శ్రీశైలం పవర్ హౌస్. పత్తికొండ టమాటా లారీ. బాంబు.'

టైం రెండూ ముప్పై ఐదు. ఫోన్ అందుకున్నాడు.

"సర్, అన్ని గేట్లూ మూయించండి. టమాటా లారీ!"

"సోర్స్?"

"నఫీసా."

అటువైపు కేకలు, వైర్‌లెస్ గోల. ఉమ ఫోన్ చెవికి నొక్కిపట్టుకుని నిలబడ్డాడు. శివలీల దేవుడి పటం వైపు తిరిగి కళ్లు మూసుకుంది. రెండూ యాభై ఆరుకు చివరి గేటు దగ్గర లారీ దొరికింది. డ్రైవర్ దొరికాడు. టమాటా ట్రేల కింద పెట్టె దొరికింది. వైరు కత్తిరించేసరికి టైమర్లో ఏడు సెకన్లున్నాయి.

"వెల్ డన్, కె-సెవెన్," అన్నాడు డైరెక్టర్.

ఉమ వినలేదు. గ్రాఫులో పైన ఇంకా కొన్ని వరసలు మిగిలున్నాయి. లెక్కపెట్టాడు. 'తొమ్మిదికి మార్కెట్ గేటు దగ్గర ఉంటా. లారీ చూపిస్తా. ఉమా, నువ్వే రా.'

తొమ్మిదికి వచ్చింది. పదిదాకా ఎదురుచూసింది.

"గ్రాఫు గీసేది నేర్చుకునేదానికి మూడు నెలలు కూర్చునింది ఈడ," శివలీల మెల్లగా అంది. "ఇంత కష్టం ఎందుకే అంటే, 'మావాడు మగ్గం ఇంటోడు అక్కా, చూస్తానే చదివేస్తాడు' అనింది."

ఉమ నేల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు. శివలీల ఓదార్చలేదు. మంచినీళ్ల చెంబు మాత్రం పక్కన పెట్టింది.

మరునాడు ఎవరి ఆర్డరూ అడక్కుండా శవాన్ని కర్నూలు పాతబస్తీకి తానే తీసుకుపోయాడు. తల్లి దౌలత్ బీ ఒక్కటే అడిగింది.

"నా బిడ్డ ఏమన్నా తప్పు చేసిందా సారూ?"

"లేదమ్మా. చేసింది నేను."

జనాజా లేచినప్పుడు అతను కూడా భుజం పట్టాడు.

వారం తిరక్కుండా హెడ్డాఫీసు నుంచి సర్క్యులర్ వచ్చింది: 'సిబ్బంది అందరూ డాక్యుమెంట్ వ్యూయర్‌లో స్మూత్ ఇమేజెస్ టిక్ తీసివేయవలెను.' కారణం రాయలేదు. నఫీసా పేరు లేదు. అయితేనేం, తెర మీద ఆ సర్క్యులర్ అక్షరం అక్షరం ఎంత బాగా కనిపించిందో!