యాభయ్యో కార్డు

బసవరాజ్‌కి కోపం రావడం అరుదు. వచ్చిందంటే మాత్రం మేడ మెట్లు రెండేసి చొప్పున ఎక్కుతాడు. ఆ సాయంత్రం అలాగే ఎక్కాడు.

రేడియోలో జపాన్ వాళ్ళు చక్కగా వార్తలు చదువుతూ చదువుతూ నీళ్ళలో మునిగినట్టు గొణగడం మొదలుపెట్టారు. కారణం మేడ మీద కనిపించింది. తన ఇంటి నుంచి పక్కింటి పిట్టగోడ దాకా కట్టుకున్న రాగి తీగ మీద ఒక దుప్పటి, రెండు చీరలు, ఒక ఖాకీ చొక్కా నీళ్ళోడుతూ వేలాడుతున్నాయి. దుప్పటి పక్క నుంచి ఒక అమ్మాయి తొంగిచూసింది.

"ఆ బట్టలు జర తీస్తవా?"

"ఇంక ఆరలే."

"అది బట్టల తీగ కాదు. ఏరియల్. జపాన్ ఆగిపోయింది."

"మా నాయిన అంగీ ఆరకుంటే జహీరాబాద్ టపా ఆగిపోతది. ఏది ఎక్కువనో మీరే చెప్పున్రి."

అప్పుడు తెలిసింది, ఆమె పోస్ట్‌మేన్ శంకరప్ప కూతురు మనోరమ అని. ఇన్నాళ్ళూ న్యాల్‌కల్ నుంచి రోజూ డ్యూటీకి వచ్చిపోయిన శంకరప్ప, కుటుంబంతో పక్కింట్లోకి దిగి రెండు రోజులే అయింది.

శంకరప్పతో పేచీ పెట్టుకోవడం బసవరాజ్‌కి కుదరని పని. బజారులో అతనికి మోటార్ వైండింగ్ షాపు ఉంది. కోహీర్, రాయికోడ్ రైతులు కాలిపోయిన మోటార్లు తెస్తే కొత్త తీగ చుట్టి ఇస్తాడు. మిగిలిన ప్రాణమంతా రేడియో మీదే. ఎక్కడో దూరదేశపు స్టేషను చెవిన పడితే టైము, విన్న మాటలు, పాటలు రాసి ఆ స్టేషనుకే ఉత్తరం వేస్తాడు. వాళ్ళు సరిచూసుకుని, నిజంగా విన్నాడని తేలితే రంగుల కార్డు పంపుతారు. 1981 నాటికి షాపు గోడ మీద నలభై తొమ్మిది దేశాల కార్డులు చేరాయి. ఒక్కొక్కటీ తెచ్చి చేతిలో పెట్టింది శంకరప్పే.

కాబట్టి రాజీ కుదిరింది. సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా తీగ మీద బట్టలుండవు. బదులుగా ఆ గంటసేపు రేడియో పిట్టగోడ మీద ఉంటుంది, అవతల వైపు మనోరమ ఉంటుంది.

బీదర్ కాలేజీలో ఇంటర్ చదివిన ఆ పిల్లకి పాము చెవులు. గరగరలో అతనికి ఈల తప్ప ఏమీ వినబడని చోట ఆమె ఊరి పేరు పట్టేసేది.

"అయిదు అంకెలు వెయ్యాలె," అని నేర్పాడు బసవరాజ్. "సిగ్నల్, వేరే స్టేషన్ల అడ్డు, గరగర, కుంగుడు, మొత్తం మీద ఎట్ల వినొచ్చిందన్నది. అన్నిట్ల అయిదే ఎక్కువ. అడ్డు అసలే లేకుంటే అడ్డుకు గూడ అయిదే."

"వినకుండనే విన్నమని రాస్తే?"

"తప్పు. అట్ల రాసినోడు రేడియో ముట్టొద్దు."

"అబ్బ, గుడిల ప్రమాణం లెక్క చెప్తున్రు," అని నవ్వింది. సన్నగా చినుకులు మొదలయ్యాయి. తడవకుండా రేడియో మీద ఆమె కొంగు కప్పింది. ఆ రోజు ఏ దేశం వినబడిందో బసవరాజ్ రాసుకోలేదు.

ఆ ఆషాఢంలో మాల్టా నుంచి వారం రోజులు ప్రత్యేక ప్రసారం ఉందని తెలిసింది. మాల్టా అంటే సముద్రం మధ్య ఒక దీవి, మన జహీరాబాద్ తాలూకా అంత కూడా ఉండదు. నాలుగేళ్ళుగా బసవరాజ్ దాని కోసం చెవులు రిక్కించి కూర్చున్నాడు. అది వస్తే యాభై నిండుతాయి. ఆరు రోజులు ఈలలే వచ్చాయి. ఏడో రోజు అతను రాయికోడ్‌లో ఒక రైతు బావిలోకి మోటారు దింపుతూ ఉండిపోయాడు.

సెప్టెంబరులో శంకరప్ప షాపు ముందు సైకిల్ గంట కొట్టాడు. "బసవా, మాల్టా."

కార్డు చూసి ఎగిరి గంతేయబోయిన బసవరాజ్ తేదీ దగ్గర ఆగిపోయాడు. అది అతను బావిలో ఉన్న రోజు.

సాయంత్రం పిట్టగోడ దగ్గర మనోరమ మొహం వెలిగిపోతోంది. "వచ్చిందా? ఆ రోజు కమలమ్మత్తనడిగి మీ రేడియో నేనే పెట్టిన. ఇరవై నిమిషాలు సాఫ్‌గ వచ్చింది. మీ పేరు మీద నేనే రాసిన."

తన తల్లిని ఆమె అత్త అన్నదన్న సంగతి కూడా ఆ తిక్కలో అతనికి తట్టలేదు.

"నేను విననిది నాకెందుకు? ఇది నాది కాదు. వాపస్ పంపుత."

ఆమె మొహం చిన్నబోయింది. ఏడు కాకముందే మెట్లు దిగిపోయింది. మర్నాడు అతను కార్డునీ ఒక ఉత్తరాన్నీ కవర్లో పెట్టి శంకరప్పకిచ్చాడు. "వచ్చినదాన్ని వాపస్ పంపుడేంది ర?" అని ఆయన ఆశ్చర్యపోయాడు. "నేను వినలేదు కాకా," అన్నాడు అంతే.

ఆ రోజు నుంచి తీగ మీద పొద్దున్నించి చీకటిపడే దాకా బట్టలే. ఉతికినవే మళ్ళీ ఉతుకుతోందని అతనికి అనుమానం. రెండు నెలలు ఏ దేశమూ లేదు, ఆమె గొంతూ లేదు. జపాన్ లేకపోతే బతకగలనని, ఆ గొంతు లేకపోతే కష్టమని అతనికి అప్పుడే తెలిసింది. ఇంతలో కమలమ్మ ఓ కబురు తెచ్చింది. ఆదివారం హుమ్నాబాద్ నుంచి మనోరమను చూడ్డానికి వస్తున్నారట.

శుక్రవారం బసవరాజ్ షాపులో కూర్చుని చేతికందిన పోస్టుకార్డు మీద రాశాడు. "స్టేషను: పక్కింటి మేడ. సమయం: సాయంత్రం ఆరు. సిగ్నల్ అయిదు. అడ్డు రెండు, హుమ్నాబాద్ వాళ్ళది. కార్యక్రమం: రెండు నెలలుగా మౌనం, అయినా రోజూ వింటున్న. నా జన్మంతా వినాలని ఉన్నది. సరైనదైతే కార్డు పంపగలరు."

డబ్బాలో వేశాక గుర్తొచ్చింది. పోస్టుకార్డుకి కవరుండదు. పంచేది పిల్ల తండ్రి. ఎర్ర డబ్బా మింగినదాన్ని కక్కదు.

శనివారం మధ్యాహ్నం అతను మేడ మీద నీళ్ళ డ్రమ్ము వెనక నక్కి చూస్తున్నాడు. శంకరప్ప తన గుమ్మం ముందే సైకిలాపి గంట కొట్టాడు.

"ఇంట్ల మనోరమ అనేటోళ్ళు ఉన్నరా?"

"ఏంది నాయినా గిది?"

"డ్యూటీ మీద ఉన్న. పేరు చెప్పి పట్టుకో. మాల్టా నుంచి."

కవర్లోంచి కార్డు, ఇంగ్లీషు ఉత్తరం వచ్చాయి. మనోరమ కూడబలుక్కుంటూ పైకే చెప్పింది. "ఈ ప్రసారం విన్నది తాను కాదని, మీరని, మీ చెవులు తన చెవుల కన్న మంచివని బసవరాజ్ గారు రాసిన్రు. కార్డు మీద మీ పేరే ఉండాలన్నరు. అందుకే మీకు పంపుతున్నం." చివరికొచ్చేసరికి కార్డు తిప్పి తన పేరు చూసుకుంది.

"ఇంకోటున్నది. లోకల్," అన్నాడు శంకరప్ప. "చదవొద్దు, గని కండ్లు మూసుకొని టపా పంచరాదు గద." పోస్టుకార్డు ఇచ్చి మేడ వైపు తిరిగాడు. "బసవా, డ్రమ్ము ఎనకనుంచి లే."

బసవరాజ్ లేచాడు. "కాకా..."

"ఊకుంటే కార్డు ముఫ్తుల నీదవుతుండె. విననిదాన్ని వినలేదన్నవ్. గసుంటోని మాట నేను నమ్ముత. హుమ్నాబాదోళ్ళకు నేను చెప్పుకుంట. గని జవాబు మాత్రం పోరి ఇష్టం."

మనోరమ పోస్టుకార్డు రెండుసార్లు చదివింది. "రిపోర్టును తీరిగ్గ సరిచూడాలె. మాల్టా వాళ్ళు రెండు నెలలు తీసుకున్నరు," అని లోపలికెళ్ళిపోయింది.

ఆదివారం హుమ్నాబాద్ వాళ్ళు రాలేదు. మనోరమ జవాబూ రాలేదు. సోమవారం షాపు ముందు సైకిల్ గంట మోగింది. శంకరప్ప ఒక పోస్టుకార్డు చేతిలో పెట్టి, నవ్వు మీసాల్లో దాచుకుంటూ వెళ్ళిపోయాడు.

"మీ రిపోర్టు సరిచూసినం. అన్నీ సరిగనే ఉన్నయి, ఒక్కటే తప్పు. అడ్డు రెండు అని రాసిన్రు. అయిదు అని దిద్దుకోగలరు."

యాభయ్యో కార్డును గోడకు అంటించి, చుడుతున్న మోటారు అక్కడే వదిలి బసవరాజ్ ఇంటికి పరుగెత్తాడు. మేడ మెట్లు రెండేసి చొప్పున ఎక్కాడు. తీగ మీద ఒక్క బట్ట కూడా లేదు. పిట్టగోడ అవతల మనోరమ ఉంది.