అమ్మమ్మ గొంతు ఎవరి ఆస్తి?

స్టూడియో తలుపు పైన ఎర్రలైటు వెలుగుతోంది.

అది వెలుగుతున్నంతసేపూ ఎవరూ తలుపు తీయకూడదు. ఆ ముక్క తలుపు మీద రాసి ఉంది. కొరియర్ తెచ్చే మనిషికి తెలుసు. కింద అంతస్తులో ఉన్న టైలరింగ్ షాపు వాళ్ళకీ తెలుసు.

ఆ తలుపు ధడాలున తెరుచుకుంది.

"మా అమ్మమ్మ గొంతు మీ దగ్గరుంది. మర్యాదగా ఇచ్చెయ్యండి!"

మైకు ముందు పాఠం చదువుతున్న పెద్దాయన ఉలిక్కిపడి కాగితాలు జారవిడిచాడు. కంప్యూటరు ముందున్న యువకుడు హెడ్‌ఫోన్స్ తీసి వెనక్కి తిరిగాడు. నల్లకోటు. నీళ్ళు కారుతున్న గొడుగు. ఆ రెంటికీ మధ్య నిప్పులు కురుస్తున్న రెండు కళ్ళు.

"బయట ఎర్రలైటు కనబడలేదా?" అన్నాడతను.

"కనబడింది. దాన్ని చూసి ఆగడానికి నేనేమన్నా లారీనా?"

"మంచి టేకు పాడుచేశారు. ఆ గొడుగు బయట పెట్టండి. వైర్ల మీద నీళ్ళు పడితే షాక్ కొడుతుంది."

"కొట్టనివ్వండి. కేసు వేస్తాను."

"ఎవరి మీద? కరెంటు మీదా?"

పెద్దాయన కాగితాలు ఏరుకుని, "నేనలా టీ తాగొస్తా బాబూ" అంటూ మెల్లగా జారుకున్నాడు.

ఆ ఒంటిగది స్టూడియో ఆ యువకుడిదే. శబ్దాలతో బతికేవాడు కాబట్టి తెలిసినవాళ్ళంతా అతన్ని సౌండు అంటారు. మన భాష నేర్పే ఒక యాప్ కోసం పాఠాలు రికార్డు చేసి, కత్తిరించి, నున్నగా చేసి కంపెనీకి పంపడం అతని పని. ఎదురుగా నిలబడ్డ అమ్మాయి లాయరు. ఆమె అమ్మమ్మ రిటైరైన భాషా టీచరు. ఆ యాప్‌లో పాఠాలన్నీ మొదట చెప్పింది ఆవిడే, ఇదే గదిలో, ఇదే మైకు ముందు.

"టీచరమ్మ మనవరాలా మీరు!" సౌండు మొహం విప్పారింది. "ఎలా ఉన్నారావిడ? ఉన్నట్టుండి రావడం మానేశారు. నా మీద కోపమొచ్చిందేమో అనుకున్నాను. కంపెనీవాళ్ళని అడిగితే, వేరేవాళ్ళు వస్తారులే అన్నారు."

లాయరమ్మ గొంతులో వేడి కొంచెం తగ్గింది.

"గొంతులో గడ్డ లేచింది. ఆలస్యమైతే ప్రాణానికే ముప్పన్నారు. వెంటనే ఆపరేషన్ చేశారు. మనిషి దక్కింది. గొంతు పోయింది."

సౌండు కుర్చీలో వెనక్కి జారగిలబడ్డాడు.

"టాబ్లెట్‌లో టైపు చేస్తే మాట్లాడే యాప్ పెట్టిచ్చాను," అందామె. "అందులో ఉన్నది లిఫ్టులో అంతస్తులు చెప్పే గొంతు. ఒక్కసారి విని, టాబ్లెట్ బోర్లా పెట్టేసింది. అంతే. ఇప్పుడు చెంచాతో గ్లాసు మీద కొట్టి పిలుస్తుంది. మాట లేదు, టైపు చెయ్యడం లేదు. క్లాసులో పిల్లలతో, ఇంట్లో మాతో రోజంతా మాట్లాడిన మనిషండీ!"

"ఆవిడ మాట్లాడిన రికార్డింగులు తగినన్ని ఇస్తే, కంప్యూటరు ఆ గొంతే నేర్చుకుంటుంది కదా. ఆ తర్వాత ఏం టైపు చేసినా ఆవిడ గొంతుతోనే పలుకుతుంది."

"అందుకేగా వచ్చింది! ఇంట్లో ఉన్నవి పుట్టినరోజు వీడియోలు. పిల్లల ఏడుపులూ, ప్లేట్ల చప్పుడూ తప్ప ఏమీ వినబడదు. కంపెనీని అడిగితే పాఠాలూ, పాఠాల్లోని గొంతూ శాశ్వతంగా తమ ఆస్తి అంటున్నారు. ఫోన్‌లో 'అంగీకరిస్తున్నాను' అన్నచోట అమ్మమ్మ వేలు పెట్టిందట. అంత పొడుగు అగ్రిమెంటు చదివే ఓపిక ఎవరికుంటుంది?"

"లాయర్లకి కూడా ఉండదా?"

"మా యాప్‌లకి మేమూ వేలే పెడతాం. సరే, యాప్‌లోకి వెళ్ళని రికార్డింగులు ఏమన్నా ఉన్నాయా మీ దగ్గర?"

సౌండు చూపు అలమారలో ఉన్న నల్లటి హార్డ్‌డిస్క్ మీదికి వెళ్ళి, అంతే వేగంగా వెనక్కొచ్చింది.

"ఉంటే... అవి పనికిరావు," అన్నాడు.

సాక్షుల కళ్ళు చదవడం ఆమె వృత్తి. అబద్ధం దొరికిపోయింది.

"అర్థమైంది. మీకు పనిచ్చేది కంపెనీ. అమ్మమ్మ మీ గురించి ఎంత గొప్పగా చెప్పేదో! బంగారంలాంటి పిల్లాడట!"

తలుపు మళ్ళీ ధడాలుమంది. ఆ విసురులో ఆమె తన గొడుగు వదిలేసి, మూల ఉన్న అతని గొడుగు పట్టుకుపోయింది.

* * *

మర్నాడు సాయంత్రం గొడుగు మార్చుకునే వంకతో సౌండు టీచరమ్మ ఇంటికి వెళ్ళాడు.

కిటికీ పక్కన టీచరమ్మ కూర్చుని ఉంది. మెడ చుట్టూ మెత్తటి గుడ్డ. అతన్ని చూడగానే కళ్ళు వెలిగిపోయాయి. అలవాటు కొద్దీ నోరు తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు.

ఆవిడ తలుపుకేసి చూపించి, కాళ్ళు తుడుచుకొమ్మని సైగ చేసింది. సౌండు బుద్ధిగా వెనక్కెళ్ళి తుడుచుకుని వచ్చాడు.

టీచరమ్మ బోర్లా పెట్టిన టాబ్లెట్ తీసింది. అతని కోసం టైపు చేసింది.

"మీరు వచ్చినందుకు ధన్యవాదములు," అంది లిఫ్టు గొంతు.

ఆవిడ మొహం చిట్లించి టాబ్లెట్ మళ్ళీ బోర్లించింది. ఆ గొంతుతో థాంక్స్ చెప్పడం కన్నా చెప్పకపోవడమే నయమన్నట్టు అతని చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది.

గుమ్మంలో లాయరమ్మ కాఫీ కప్పుతో నిలబడి ఉంది. చాలారోజుల తర్వాత అమ్మమ్మ ఆ టాబ్లెట్ ముట్టుకుంది. అదీ ఇతని కోసం!

సౌండు లేచాడు. "రేపు స్టూడియోకి రండి. మీరడిగింది ఇస్తాను. ఒక్కటే కండిషన్. విన్నాక నవ్వకూడదు."

* * *

హెడ్‌ఫోన్స్‌లో ఒక్కసారిగా అమ్మమ్మ వచ్చి చెవి పక్కనే కూర్చున్నట్టయింది.

"ఒరేయ్ సౌండూ, మైకు ఆపలేదేంరా?"

"ఇంటికెళ్ళి మళ్ళీ వింటాను టీచరమ్మా. మర్చిపోతున్నాను."

"సరే, చదువు. ఊఁ... ఒత్తు మింగేశావు. అదేమన్నా అప్పడమా? మళ్ళీ చదువు."

లాయరమ్మ ఒక చెవి నుంచి హెడ్‌ఫోన్ జరిపింది. "ఎవరు ఆ చదివేది?"

సౌండు కీబోర్డు కేసి చూస్తూ చెప్పాడు. "నేనే. హాస్టల్ చదువు నాది. అక్కడ మన భాష మాట్లాడితే క్లాసు బయట నిలబెట్టేవాళ్ళు. మాట్లాడటం ఎలాగో మిగిలింది. అక్షరాలు అసలు అబ్బలేదు."

"కానీ మీరు చేసే పని..."

"భాష నేర్పే యాప్‌కి. అవును. చెవితో నెట్టుకొచ్చేవాణ్ణి. టీచరమ్మ రెండోరోజే పట్టేసింది. పని అయిపోయాక, బస్సు వచ్చేదాకా నన్ను కూర్చోబెట్టి చదివించేది. ఎవరికీ చెప్పలేదు. మీక్కూడా చెప్పలేదన్నమాట!"

"బంగారంలాంటి పిల్లాడు, బాగా చదువుకుంటాడు అని మాత్రం చెప్పింది."

హెడ్‌ఫోన్స్‌లో అమ్మమ్మ అంటోంది: "సిగ్గెందుకురా? నేర్పాల్సినవాళ్ళు నేర్పకపోతే సిగ్గు వాళ్ళకుండాలి. ఊఁ, కానియ్."

లాయరమ్మ నవ్వలేదు. నవ్వకూడదన్న కండిషన్ కోసం కాదు. కళ్ళనిండా నీళ్ళుంటే నవ్వడం కష్టం.

"ఇన్నాళ్ళూ ఇవన్నీ దాచారా?"

"పరీక్ష పాసైనా పుస్తకం పారెయ్యం కదండీ," అన్నాడు సౌండు.

* * *

లాయరమ్మ దొడ్డిదారి పట్టే రకం కాదు. పైగా హక్కుల తగాదా ఉన్న రికార్డింగులను గొంతు తయారుచేసేవాళ్ళు ముట్టుకోరు. అభ్యంతరం లేదని కంపెనీ రాసివ్వాలి. అందుకే ఇద్దరూ వెళ్ళి మీటింగ్ రూమ్‌లో కూర్చున్నారు.

అవతల మేనేజరు. మంచినీళ్ళు అడిగినా పాలసీ చూసి చెప్తాననే మనిషి. అతని పక్కన కంపెనీ లాయరు, జుట్టంతా తెల్లబడ్డ పెద్దావిడ. కళ్ళజోడు తుడుచుకుంటూ వింటోంది.

మేనేజరు కొన్ని రికార్డింగులు విని తల అడ్డంగా ఊపాడు.

"చదివిస్తున్నారు, తప్పులు దిద్దుతున్నారు. ఇవీ పాఠాలే. మా పాఠాలకి రిహార్సల్ అన్నమాట. పాఠాలన్నీ మా ఆస్తి. పాలసీ."

"ఇవి మీ యాప్ కోసం చెప్పినవి కావు," అంది లాయరమ్మ.

"మరెవరికోసం? గదిలో మైకు తప్ప ఎవరున్నారు? ఆ చదివే కుర్రాడెవరు? పాత్రధారేనా?"

లాయరమ్మ నోరు తెరిచింది. జవాబు నాలుక చివరే ఉంది. ఒక్కమాట చెబితే కేసు గెలుస్తుంది. కానీ ఆ మాట ఆమెది కాదు. పక్కన కూర్చున్నవాడు నమ్మి చెప్పుకున్నది. అతని చేతిలో ఉన్న పనంతా ఈ కంపెనీదే.

ఆమె ఫైలు తిప్పింది. "అది పక్కన పెట్టండి. మానవత్వం దృష్ట్యా..."

"మానవత్వానికి పాలసీ లేదండీ."

సౌండు ఆమె వైపు చూశాడు. ఆమె ఎందుకు వెనక్కి తగ్గిందో అతనికి అర్థమైంది. జీవితంలో మొదటిసారి తన పరువు కాపాడటానికి ఒక మనిషి గెలుపు వదులుకుంటోంది.

"ఆ చదివేది నేను," అన్నాడు.

"వద్దు," అంది ఆమె మెల్లగా.

"నాకు మన భాష చదవడం రాదండీ. అంటే, అప్పట్లో రాదు. పని గంటలు అయిపోయాక ఆవిడ నాకు నేర్పింది. ఇవి పాఠాలే. మేనేజరుగారు కరెక్టుగానే చెప్పారు. కాకపోతే స్టూడెంటు మీవాడు కాదు. నేను."

మేనేజరు ముందు తెల్లబోయాడు. తర్వాత ఎర్రబడ్డాడు. "అక్షరాలు రాకుండానే మా పాఠాలన్నీ కత్తిరించావా?"

"ఒక్క తప్పయినా మీదాకా వచ్చిందా సార్? రాదు. పంపేముందు అన్నీ ఆవిడ వినేది కదా!"

పెద్దావిడ కళ్ళజోడు పెట్టుకుంది. అగ్రిమెంటు కాపీ బల్ల మీద అతని ముందుకు తోసింది.

"ఈ పేరా చదువు బాబూ."

సౌండు చదవడం మొదలుపెట్టాడు. మెల్లగా, కూడబలుక్కుంటూ. "యాప్... అభ్యాసకుల నిమిత్తం... బోధించిన పాఠములు, వాటి యందలి స్వరము... సంస్థకు చెందును." ఒక్క ఒత్తు కూడా మింగలేదు. కష్టమైన మాట దగ్గర ఆగి వేలితో బల్ల మీద తాళం వేశాడు. అచ్చం పాఠం చెప్పేటప్పుడు అమ్మమ్మ వేసినట్టే! లాయరమ్మ గట్టిగా పెదవి కొరుక్కుంది.

"మన అభ్యాసకుల నిమిత్తం," అంది పెద్దావిడ మేనేజరుతో. "ఇతను మన అభ్యాసకుడు కాడు. పని గంటలూ కావు. రాసిచ్చెయ్యండి."

"కానీ పాలసీ..."

"నేనూ మా ఇంటి పక్క టీచరుగారి దగ్గర ఊరికే చదువుకున్నదాన్నే. నా పాఠాలు రేపు మీలాంటివాళ్ళు అడిగితే ఏమైపోను? సంతకం పెట్టండి. అలాగే ఇతని పని తీసేసే ఆలోచన ఉంటే మానుకోండి. నేర్చుకున్నవాణ్ణి తీసేసే భాషా కంపెనీ అని ఊరంతా నవ్వుతుంది."

బయట వాన. మెట్ల మీద ఇద్దరికీ ఒకటే గొడుగు. ఎవరిదో ఇద్దరూ చూసుకోలేదు.

"ఎందుకు చెప్పారు?" అందామె.

"మీరు చెప్పలేదు కాబట్టి," అన్నాడతను.

* * *

గొంతు తయారై వచ్చిన రోజు సౌండే టాబ్లెట్‌లో పెట్టాడు. అమ్మమ్మ చాలాసేపు టైపు చేసింది. మనవరాలి కేసి చూసి, మీట నొక్కింది.

"ఏమే, వీడికి థాంక్స్ చెప్పావా?"

అదే గొంతు. అదే గద్దింపు. లాయరమ్మ అమ్మమ్మ ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చేసింది. "ఇంకోసారి తిట్టు అమ్మమ్మా, ఇంకోసారి!"

"ముక్కు తుడుచుకో. చీర పాడవుతోంది."

"థాంక్స్ నేనే చెప్పాలి టీచరమ్మా," అన్నాడు సౌండు. "మీరు నాకిచ్చిందే మీకు తిరిగిచ్చాను. నా సొంతం ఏమీ లేదు."

"ఆ హార్డ్‌డిస్క్‌లో ఇంకేమన్నా దాచారా?" కళ్ళు తుడుచుకుంటూ అడిగింది లాయరమ్మ.

సౌండు కాస్త తడబడి ఫోన్ తీశాడు. నొక్కాడు. తలుపు ధడాలున తెరుచుకున్న చప్పుడు. వెంటనే, "మా అమ్మమ్మ గొంతు మీ దగ్గరుంది. మర్యాదగా ఇచ్చెయ్యండి!"

"పాడైన టేకు కదా అది! ఎందుకుంచారు?"

"రోజూ వింటాను. ఒక డౌటుంది లాయరమ్మా. ఇందులో గొంతు మీది, మైకు నాది. చట్టప్రకారం ఇది ఎవరి ఆస్తి?"

ఆమె ఆలోచించినట్టు నటించింది. బుగ్గలు మాత్రం నటించలేదు, ఎర్రబడ్డాయి.

"ఉమ్మడి ఆస్తి."

"అయితే పంచుకోవాలా?"

"పంచితే పాడైపోయేదాన్ని పంచరు. ఇద్దరూ కలిసి ఒకేచోట ఉండి చూసుకోవాలి."

"ఎంతకాలం?"

"శాశ్వతంగా. ఈసారి చదివి, ఆలోచించుకుని అంగీకరించండి."

సౌండు చూపుడువేలు చాచాడు. "అంగీకరిస్తున్నాను" అంటూ ఆమె అరచేతి మధ్య పెట్టాడు. ఆమె ఆ వేలు వదల్లేదు.

వెనక గ్లాసు మీద చెంచా చప్పుడైంది. ఇద్దరూ ఉలిక్కిపడి తిరిగారు. అమ్మమ్మ టాబ్లెట్‌లో ఏదో వెతుకుతోంది. తెర మూలన సౌండు ఒక పసుపురంగు మీట ప్రత్యేకంగా పెట్టాడు. ఎంత నేర్పినా కంప్యూటరుకు ఒక్కటి మాత్రం పట్టుబడలేదు. అందుకే దాన్ని పాత రికార్డింగులోంచి ఉన్నదున్నట్టు తీసి, ఆ మీటలో దాచాడు.

అమ్మమ్మ దాన్ని నొక్కింది.

గది నిండా అమ్మమ్మ నవ్వు పరుచుకుంది.