ఐదింటి సంతకం

మా అక్కకి అన్యాయం జరిగింది పోయిన నవంబరు ఇరవై మూడు, శనివారం సాయంత్రం ఐదింటికి. చేసింది ఊరి చివర చిట్టడవి గేటు దగ్గర కూర్చునే తాళాలాయన.

చిట్టడవి ఎంతని? నాలుగు కాలిబాటలు, ఒక చిత్తడినేల, దాని మీదుగా చెక్కల దారి. లోపలికి వెళ్లేవాళ్లు రిజిస్టరులో పేరు రాయాలి, వచ్చేటప్పుడు సంతకం పెట్టాలి. మహానుభావుడికి బస్సు తొందర. ఖాళీ గళ్లన్నీ తనే నింపేసి తాళం వేసేవాడు. ఆ రోజు విరిగిన చెక్కల మధ్య అక్క కాలు ఇరుక్కుని ఉంది. వెతకమని పోలీసుల కాళ్లావేళ్లా పడితే, "బయటికి వెళ్లినట్టు సంతకం ఉందమ్మా" అన్నారు. మూడో రోజు శవం దొరికింది. అరిచి అరిచి గొంతు లోపల పుండైందని డాక్టరు చెప్పాడు.

నిన్న సాయంత్రం వెళ్లాను.

"ఏమ్మా, మూసే వేళకా షికారు?"

"నీ మొహం చూసిపోదామని, బాబాయ్. ఇంకా అందరి సంతకాలూ నువ్వేనా?"

"పాతవి తవ్వకమ్మా. పోయినావిడ ఎలాగూ తిరిగి రాదు."

గాలి ఆగిపోయింది. కుళ్లిన ఆకుల వాసన, పచ్చి బురద వాసన. లోపల చెక్కల మీద ఒంటి చెప్పు చప్పుడు. టప్... ఏదో ఈడ్చినట్టు... మళ్లీ టప్...

"గేటు... వేసేశారా?"

బొంగురు గొంతు. అది ఎవరిదో నాకు తెలుసు.

"ఎవరో ఉండిపోయారు" అని గొణిగాడు.

"వెళ్లి తీసుకురా. ఈసారైనా."

వెళ్లాడు. మలుపు తిరిగాడు. చప్పుడు ఆగింది... తర్వాత అతని కేక.

"అమ్మా! గేటు వెయ్యకమ్మా!"

నేను పెన్ను తీశాను. అతని పేరు రాసి, 'బయటికి' అన్న గడిలో సంతకం గిలికాను. ఐదు గంటలు. తాళం వేశాను.

పొద్దున మళ్లీ వెళ్లాను. గేటు దగ్గర కొత్త మనిషి.

"ఆయన ఇంటికి చేరలేదటగా?" అన్నాను.

"ఎటు పోయాడో ఏమో. ఇక్కణ్ణుంచి వెళ్లినట్టు సంతకం ఉందిగా" అని రిజిస్టరు నా వైపు తిప్పాడు.

అతని పేరు కింద నా పేరుంది. నేను రాయలేదు. దీర్ఘాలని కొక్కేల్లా తిప్పే ఆ రాత మా అక్కది. 'బయటికి' గడిలో నా సంతకం కూడా అప్పుడే పెట్టేసి ఉంది.

ఇవాళ ఫిబ్రవరి తొమ్మిది. అక్కడ రాసింది ఫిబ్రవరి పదకొండు, సాయంత్రం ఐదు గంటలు.