పర్వాలేదు అనే జబ్బు

చెత్త డబ్బాకి చక్రాలు రెండుంటాయి. నోలీన్ వాళ్ల డబ్బాకి అందులో ఒకటి ఉద్యోగం మానేసి చాలా కాలమైంది. బాగుచేయమని ఊరి కౌన్సిల్‌కి ఫోన్ చేస్తే పాట వినిపిస్తారు. పాట బాగానే ఉంటుంది.

ఆ పొద్దున వంటింటి కిటికీలోంచి చూసి నోలీన్ టోస్టు జారవిడిచింది. వంగి బూట్లు కూడా తొడుక్కోలేని ఆమె మొగుడు క్లారీ ఆ కుంటి డబ్బాని రోడ్డు మీదికి ఈడ్చుకెళ్తున్నాడు.

"ఎలా ఉన్నావ్ క్లారీ?" అన్నాడు పక్కింటాయన.

"పర్వాలేదు గురూ!"

లోపలికొచ్చి వంటింటి నేల మీద వెల్లకిలా పడుకున్నాడు. ఇంట్లో ఆయన నడుముకి నచ్చే చోటు అదొక్కటే. ఆస్ట్రేలియాలో ఆ కూనాంబుల్ ఊరి చుట్టుపక్కల గొర్రెలన్నిటికీ వంగి వంగి ఉన్ని కత్తిరించిన నడుము అది. గొర్రెలు తేలికపడి వెళ్లిపోయాయి.

"ఇవాళ బీమా డాక్టరు మళ్లీ చూస్తుంది. పోయినసారి ఏం చేశావో గుర్తుందా?"

"ఎలా ఉన్నారంది. పర్వాలేదన్నాను. మర్యాద కదే!"

"ఆ మర్యాదకే మనకొచ్చే బీమా డబ్బు సగం కోసేశారు. పైగా ఆవిడ బ్యాగు కారుదాకా మోశావు!"

"పాపం ఆడమనిషి, బరువుగా ఉంది."

"మరి నేనెవర్ని? పొద్దున బేకరీ, సాయంత్రం పబ్బులో గిన్నెలు. నా బరువెవడు మోస్తాడు?"

క్లారీ నేల మీదే కాస్త పక్కకి జరిగాడు.

"నొప్పంటే ఏం మాట్లాడాలో మనవాళ్లకి తెలీదు నోలీన్. పర్వాలేదంటే చేతికి బీరు ఇస్తారు. నీకు చెబితే మూడో పని వెతుక్కుంటావని భయం."

నోలీన్ మెల్లగా వచ్చి ఆయన పక్కనే నేల మీద పడుకుంది.

"నిజం చెప్పు. ఎలా ఉంటుంది?"

"లోపల ఎవడో ఉన్ని కత్తిరించే మిషను ఆన్ చేసి, ఆపకుండా పోయినట్టుంటుంది. నిద్రలో కూడా."

ఇన్నేళ్ల కాపురంలో ఆమె ఆ మాట వినడం అదే మొదలు. కళ్లు తుడుచుకుని, "ఇదే మాట అక్కడ చెప్పు," అంది.

డాక్టరు, "ఎలా ఉన్నారు?" అనగానే క్లారీ "పర్" అన్నాడు. నోలీన్ ఆయన కాలు తొక్కింది. ఆ తర్వాత ఆయన ఆగలేదు. డాక్టరే రెండుసార్లు మంచినీళ్లు తాగింది.

నెల తిరిగేసరికి డబ్బు పూర్తిగా రావడం మొదలైంది. నోలీన్ పబ్బు పని మానేసింది. శనివారం పాత స్నేహితులు సాసేజీలు పట్టుకొచ్చి, ఎవరి మోకాలి కథ వాళ్లు చెప్పుకుంటున్నారు. ఇల్లు సందడిగా ఉంది.

చిక్కల్లా ఒక్కటే. సూపర్ మార్కెట్‌లో బిల్లు వేసే పిల్ల అలవాటుగా "ఎలా ఉన్నారు?" అంటుంది. క్లారీ మెడ నొప్పి దగ్గర మొదలుపెట్టి కిందికి వస్తాడు. నడుము చేరేసరికి వెనక వరస రొట్టెల అరల దాకా పోతుంది. ఆపమనడానికి నోలీన్‌కి మనసొప్పదు.

అమ్మలారా, అయ్యలారా, మీ కాళ్లు పట్టుకుంటాను. ఆయన నొచ్చుకోకుండా, వెనకవాళ్ల ఐస్‌క్రీం కరక్కుండా, ఏం చెయ్యాలో మీరే చెప్పండి.